ముందు కొన్నవాడికే సగం ఆల్బమ్

గురువారం రాత్రి పన్నెండు దాటగానే ఫోన్ తీసి కొత్త ఆల్బమ్ మొదటి పాట నొక్కడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న జబ్బు. కొత్త పాటలు శుక్రవారం రావడమనేది అనాదిగా ఉన్న ఆచారమేమీ కాదు. 2015 జూలై 10 వరకూ బ్రిటన్‌లో సోమవారం, అమెరికాలో మంగళవారం, జర్మనీ, ఆస్ట్రేలియాల్లో శుక్రవారం వచ్చేవి. ఒక దేశంలో ముందొచ్చిన ఆల్బమ్ ఇంకో దేశంలో పైరసీలో తిరిగేస్తుంటే అందరికీ ఒకే రోజు పెట్టారు. అందరం ఒకేసారి వింటాం, ఒకే ఆల్బమ్ వింటాం అన్నమాట. మొదటిది ఇప్పటికీ నిజమే. రెండోదే తేడా కొట్టింది.

నాకు తగిలిన దెబ్బ చెప్తాను, బ్యాండ్ పేరు వద్దులెండి. ఇష్టమైన ఆల్టర్నేటివ్ బ్యాండ్ కదా అని ప్రీ-ఆర్డర్ పెట్టి మరీ వినైల్ రికార్డు (సూదితో తిరిగే పాతకాలపు ప్లాస్టిక్ పళ్లెం) కొన్నాను. పది పాటలు. చివరి పాట గిటార్ ఒక్కటే మిగిలి, అదీ మెల్లగా సన్నగిల్లి ఆగిపోతుంది, తర్వాత సూది గీరుకునే చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అంత మంచి ముగింపు ఈమధ్య వినలేదని అందరికీ చెప్పుకుని తిరిగాను. మూడు వారాలకి అదే ఆల్బమ్ 'డీలక్స్' ఎడిషన్ వచ్చింది, ఆ నిశ్శబ్దం తర్వాత ఇంకో నాలుగు పాటలు, అందులో ఒకటి ఆల్బమ్ మొత్తం మీద బాగున్న పాట. ఎదురుచూసి కొన్నవాడికి పద్నాలుగు, ఎగబడి కొన్న నాకు పది.

ఇది ఆ ఒక్క బ్యాండ్ కక్కుర్తి అనుకుంటే పొరపాటే. లెక్కే అలా ఉంది మరి. 2014 డిసెంబర్ నుంచి అమెరికాలో ఆల్బమ్‌లకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ చార్టులో స్ట్రీమింగ్‌ని (ఆన్‌లైన్‌లో వినడాన్ని) కూడా కలుపుతున్నారు. 2018లో పెట్టిన పద్ధతి ప్రకారం డబ్బు కట్టే శ్రోతలు ఆ ఆల్బమ్‌లోని పాటల్ని 1,250 సార్లు వింటే ఒక ఆల్బమ్ అమ్మినట్టు. తర్వాత ఆ అంకె తగ్గించారు కానీ సూత్రం మారలేదు. ఇక స్పాటిఫైలో 30 సెకన్లు దాటితే ఒక స్ట్రీమ్, పాట రెండు నిమిషాలదైనా పది నిమిషాలదైనా ఒకటే. ఆ 1,250 అంకెతోనే మీరే వేయండి లెక్క. ఎనిమిది పాటల ఆల్బమ్‌ని మొదటి నుంచి చివరిదాకా 157 సార్లు వింటే ఒక అమ్మకం. అదే 31 పాటల ఆల్బమ్ అయితే 41 సార్లు చాలు. ఇది తెలిశాక ఏ మేనేజర్ అయినా 'ఆ పక్కన పెట్టిన పాటలు కూడా వేసేయండి' అనకుండా ఉంటాడా?

31 అనే అంకె ఊరికే వేయలేదు. 2024 ఏప్రిల్ 19న టేలర్ స్విఫ్ట్ 'ద టార్చర్డ్ పోయెట్స్ డిపార్ట్‌మెంట్' వచ్చినప్పుడు అందులో 16 పాటలు. రెండు గంటలు తిరిగేసరికి ఇంకో 15. ఆవిడ అభిమానులకి అది పండగే, కాదనను. కానీ మొదటి పదహారూ విని ఒక అభిప్రాయానికి వచ్చే లోపే ఆ అభిప్రాయం పాతబడిపోయింది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఆల్బమ్ చేసేవాళ్ల పనిలో సగం. ఆ సగం పని మనకే అప్పగిస్తున్నారు, పైగా డబ్బు మన దగ్గరే తీసుకుని.

దీనికి పూర్తిగా అడ్డం తిరిగిన ఆల్బమ్ కూడా ఆ ఏడాదే వచ్చింది. బ్రిటన్ రాక్ బ్యాండ్ ద క్యూర్ పదహారేళ్ల తర్వాత 2024 నవంబర్ 1న 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' తెచ్చింది. ఎనిమిదే పాటలు, యాభై నిమిషాల లోపు. మొదటి పాట 'అలోన్' పెట్టి చూడండి. డ్రమ్స్ నిదానంగా అడుగులేస్తుంటాయి, కీబోర్డులు పొగమంచులా కమ్ముకుంటాయి, గాయకుడు రాబర్ట్ స్మిత్ గొంతు మాత్రం రాదు. నిమిషమైంది, రెండైంది. పాట పాడేవాడు ఉన్నాడా లేదా అని అనుమానం వచ్చాక, మూడు నిమిషాలు దాటాక అప్పుడు నోరు విప్పుతాడు. చివరి పాటైతే పది నిమిషాల పైన, అందులో ఆరు నిమిషాల దాకా గొంతే వినపడదు. ముప్పై సెకన్లలో శ్రోతని పట్టేసుకోవాలి అని పాఠాలు చెప్పే ఈ కాలంలో ఇంత మొండితనం! అది బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. జనానికి ఓపిక లేదు అనే మాట నేను నమ్మడం మానేసింది అప్పుడే.

అలాగని తర్వాత చేర్చిన ప్రతి పాటా మోసమే అంటే అన్యాయం. బ్రిటన్ పాప్ గాయని ఛార్లీ ఎక్స్‌సీఎక్స్ ఆల్బమ్ 'బ్రాట్' 2024 జూన్‌లో వచ్చింది, మూడు రోజులకే మూడు పాటలు కలిపి ఇంకో ఎడిషన్ (దాని పేరే ఆ సంగతి మీద వేసిన జోకు), అక్టోబర్‌లో పాత పాటల్నే మార్చి చేసిన పూర్తి రీమిక్స్ ఆల్బమ్. ఈ చివరిది వింటే పాత పాటలకి కొత్త ముఖం కనిపిస్తుంది. లార్డ్ అనే ఇంకో గాయనితో తనకున్న గందరగోళపు స్నేహం గురించి ఛార్లీ రాసిన పాటలోకి సాక్షాత్తూ ఆ లార్డే వచ్చి తన వైపు కథ చెప్తుంది. ముందు వెర్షన్ విన్నవాళ్లకే ఆ రెండోది పూర్తిగా అందుతుంది. నాకు కావాల్సిన తేడా అదే. ముందొచ్చినవాడికి ఇంకొంచెం ఇచ్చారా, వాడి చేతిలో ఉన్నదాన్ని చిన్నది చేశారా?

వినైల్ రంగుల గోల మరీ ఘోరం. అవే పాటలు, వేరే రంగు ప్లాస్టిక్, వేరే అట్ట. ఇది దండగ అని 2024లో గట్టిగా మాట్లాడింది అమెరికన్ గాయని బిల్లీ ఐలిష్. కొన్ని వారాలకి తన ఆల్బమ్ కూడా కొన్ని రంగుల్లో వచ్చింది, రీసైకిల్ చేసిన సరుకుతో చేశామన్నారు, తర్వాత డిజిటల్ వెర్షన్లూ రకరకాలు వదిలారు. ఆవిణ్ణి తప్పుపట్టాలని కాదు. ఆ ఆల్బమ్ ముందుగా ఒక్క పాట కూడా విడిగా (సింగిల్‌గా) వదలకుండా పది పాటలూ ఒకేసారి ఇచ్చింది, ఆ గౌరవం ఆవిడకి దక్కాలి. అంత మాట అన్న మనిషి కూడా తప్పించుకోలేకపోయింది, పోటీ అలా ఉంది.

పెద్దవాళ్లకి ఇదంతా చెల్లుతుంది. నాకున్న టెన్షన్ చిన్న బ్యాండ్ల గురించి. మొదటి వారంలో వచ్చే అమ్మకాల మీద, ఆ వారం ఎవరో నలుగురు మాట్లాడుకునే దాని మీద వాళ్ల టూర్లు ఆధారపడి ఉంటాయి. డీలక్సులూ రంగులూ లేకుండా ఒక్క ఆల్బమ్ చేసి ఒక్కసారే వదిలేవాళ్లు వాళ్లు. ఎప్పుడైతే నాలాంటివాళ్లు 'తొందరేముంది, నెలాగితే పూర్తిది వస్తుంది' అనుకోవడం మొదలుపెట్టారో, ఆ వేటు పెద్ద స్టార్ మీద పడదు, వీళ్ల మీద పడుతుంది. ఈమధ్య ఒక కొత్త బ్యాండ్ మొదటి ఆల్బమ్ పేజీలో ప్రీ-ఆర్డర్ బటన్ దగ్గర చాలాసేపు ఆగాను. వాళ్లు నాకు ఏ ద్రోహమూ చేయలేదు. అయినా ఆ రోజు నొక్కలేదు.