నివాసం, వృత్తి

(కోనసీమలో ఒక సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట కొబ్బరాకు పందిరి. ఇల్లు కొంటున్న హైస్కూలు టీచరు, ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్న లేఖరి. పక్క బల్ల మీద నేను.)

టీచరు: "వృత్తి: ఉపాధ్యాయురాలు" అని రాసి, పక్కనే డోరు నంబరు వేశారు. ఇది ఎవరడిగినా చూపిస్తారా బాబాయిగారూ?

లేఖరి: రుసుము కడితే చూపించాల్సిందేనమ్మా. 1908 రిజిస్ట్రేషన్ చట్టం, 57వ సెక్షను. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకం, దాని సూచిక అందరివీ. అందుకే ఒకే తోటను ఇద్దరికి అమ్మేవాడు దొరికిపోతున్నాడు.

టీచరు: తోట చూడనివ్వండి. సర్వే నంబరు, హద్దులు, తాకట్టు, అన్నీ చూడనివ్వండి. నేను రాత్రి ఎక్కడ పడుకుంటానో వాళ్లకెందుకు? పదో తరగతి పరీక్షలో ఒక కుర్రాడి దగ్గర చీటీ పట్టుకున్నాను. రాత్రి తొమ్మిదింటికి వాడి మేనమామ మా గేటు తట్టాడు. ఒక్క మాట అనలేదు, ఊరికే నిలబడ్డాడు. మా అమ్మాయి ఇప్పటికీ గొళ్లెం రెండుసార్లు చూసుకుని పడుకుంటుంది.

లేఖరి: ఆయన పుస్తకం చూసి వచ్చాడా? కాలవ గట్టు మీద ఎవరినడిగినా "టీచరుగారి ఇల్లా, వంతెన దాటాక రెండోది" అంటారు.

టీచరు: అలా అడిగినవాడి మొహం బడ్డీకొట్టాయనకు గుర్తుంటుంది. ఇక్కడ కారణం కూడా చెప్పనక్కర్లేదు. అమెరికాలో, న్యూజెర్సీలో, పార్సిల్ తెచ్చినవాడిలా వచ్చి ఒక జడ్జిగారి కొడుకును కాల్చేశాడు. 2020లోనే వాళ్లు జడ్జిల ఇంటి చిరునామాలు దాచే చట్టం చేసుకున్నారు.

లేఖరి: అది జడ్జిలకు. మీకు దాస్తే ఆశా కార్యకర్త, వీఆర్వో, బ్యాంకు గుమాస్తా వరుస కడతారు. కోర్టు నోటీసు ఏ గుమ్మానికి పంపాలి?

టీచరు: కోర్టుకు ఇవ్వండి, దారినపోయేవాడికి వద్దు. వీలునామాల పుస్తకం నుంచి, రాసినాయన బతికుండగా ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు కదా! పోయాక ఆస్తి ఎవరికి పోతుందో దాచగలిగిన చట్టానికి, బతికున్న మనిషి ఇల్లు దాచడం రాదా?

(లేఖరి కళ్లజోడు తీసి కండువాతో చాలాసేపు తుడిచాడు. దీనికి జవాబు లేదనే అనుకున్నాను. పొరబడ్డాను.)

లేఖరి: సరే, నివాసం తీసేద్దాం. మీరు కొంటున్నది ఇల్లే కదమ్మా. తూర్పు పంచాయతీ రోడ్డు, పడమర నీటి బోదె అని హద్దులు రాయక తప్పదు. బోదె వెంట వచ్చేవాడికి డోరు నంబరెందుకు?

టీచరు: ...అయితే నా వృత్తి తీసేయండి.

లేఖరి: అదీ రాయాల్సిందే.

టీచరు: గృహిణి అని రాయండి.

లేఖరి: అబద్ధం రాయమంటారా?

టీచరు: వంట కూడా నేనే చేస్తానండి.