ఆ చివరి వరసను ఖాళీగా వదలొద్దు

నార్త్ కరోలినాలో నవంబరు బ్యాలెట్ చేతికొస్తే గవర్నరు, సెనేటరు, జడ్జీలు, కౌంటీ కమిషనర్లు అందరూ అయ్యాక ఎక్కడో అడుగున ఒక పదవి కనిపిస్తుంది. సాయిల్ అండ్ వాటర్ కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్ సూపర్‌వైజర్, అంటే మట్టినీ నీటినీ కాపాడే స్థానిక బోర్డులో సభ్యుడు. పక్కన పార్టీ పేరు ఉండదు. నిలబడ్డవాళ్ల పేర్లు మనం ఎప్పుడూ విని ఉండం. మన తెలుగువాళ్లలో నేను అడిగిన చాలామంది ఆ వరస వదిలేసి కాగితాన్ని మెషీన్‌లో పెట్టేస్తామనే చెప్పారు. ఏ పదవో తెలియకుండా ఎవరికో ఒకరికి గుద్దేయడం కంటే వదిలేయడమే నయమని వాళ్ల ఉద్దేశం. అది నిజాయితీగల మాటే. కానీ ఇక్కడ ఇళ్లు కట్టుకుని, పిల్లల్ని పెంచుకుని, ఇప్పుడు పొలాలు కూడా కొంటున్న మనం ఆ ఆఫీసు ఏం చేస్తుందో ఇన్నేళ్లుగా తెలుసుకోకపోవడం మంచిది కాదు. అది రైతుల సంగతి, మనకెందుకు అనుకోవడం అసలే మంచిది కాదు.

ఆ వ్యవస్థ పుట్టిందే మన పక్కన. షార్లెట్ నుంచి హైవే 74 మీద తూర్పుకు ఓ గంట వెళితే యాన్సన్ కౌంటీ వస్తుంది. హ్యూ హామండ్ బెన్నెట్ 1881లో అక్కడ పత్తి పండించే కుటుంబంలో పుట్టారు. చదువయ్యాక ప్రభుత్వ నేలల సర్వేలో ఉద్యోగానికి చేరి, 1905లో వర్జీనియాలోని లూయీసా కౌంటీకి వెళ్లారు. అక్కడ పక్కపక్కనే రెండు నేలలు చూశారు. ఒకటి చెట్ల కింద ఉన్న నేల, మెత్తగా, తేమగా ఉంది. రెండోది ఏళ్ల తరబడి దున్నిన నేల, గట్టిపడి రాయిలా ఉంది. ఒకప్పుడు రెండూ ఒకే నేల. వాన పడిన ప్రతిసారీ పలచటి పొర కొట్టుకుపోతూ పోతూ, చివరికి అడుగు మన్ను పైకి తేలిందని ఆయనకు అర్థమైంది. గండి పడితే ఊరంతా వచ్చి చూస్తుంది. ఇలా పొరలు పొరలుగా పోయేది సొంతదారు కంట కూడా పడదు. బెన్నెట్ జీవితమంతా ఆ కనపడని నష్టం గురించే మాట్లాడారు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకోక తప్పని రోజు 1935 ఏప్రిల్ 14న వచ్చింది. దేశం నడిమధ్యనున్న గ్రేట్ ప్లెయిన్స్ మైదానాల్లో అప్పటికే కరువు. గోధుమ కోసం గడ్డినేలలన్నీ దున్నేశారు. ఆ ఆదివారం లేచిన దుమ్ము పట్టపగలే చీకటి చేసింది. బ్లాక్ సండే అని ఇప్పటికీ చెప్పుకునేది ఆ రోజునే. ఆ నెల 27న చట్టం వచ్చి సాయిల్ కన్జర్వేషన్ సర్వీస్ ఏర్పడింది, దానికి బెన్నెట్ మొదటి అధిపతి. 1994 నుంచి దాన్ని నేచురల్ రిసోర్సెస్ కన్జర్వేషన్ సర్వీస్ (ఎన్ఆర్‌సీఎస్) అంటున్నారు. అయితే వాషింగ్టన్ నుంచి వచ్చిన ఆఫీసరు పొలంలో దిగి, నీ దుక్కి వాలుకు అడ్డంగా మార్చు అంటే ఏ రైతు వింటాడు? తనకు తెలిసిన మనిషి, తన పక్క పొలం మనిషి చెబితే వింటాడు. అందుకే 1937 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక నమూనా చట్టాన్ని రాష్ట్రాల గవర్నర్లందరికీ పంపారు. ఎక్కడికక్కడ రైతులే ఒక డిస్ట్రిక్ట్‌గా ఏర్పడొచ్చు, వాళ్లలోంచే బోర్డు ఉంటుంది, ప్రభుత్వం సాంకేతిక సాయం ఇస్తుంది అన్నది దాని సారాంశం. అదే ఏడాది ఆగస్టు 4న దేశంలో మొట్టమొదటి డిస్ట్రిక్ట్ బెన్నెట్ సొంత కౌంటీలోనే ఏర్పడింది. పేరు బ్రౌన్ క్రీక్, అక్కడి వాగు పేరే పెట్టారు. ఇప్పుడు దేశం మొత్తం మీద ఇలాంటివి దాదాపు 3,000 ఉన్నాయి. కాలిఫోర్నియాలో రిసోర్స్ కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్ అంటారు, నెబ్రాస్కాలో నేచురల్ రిసోర్సెస్ డిస్ట్రిక్ట్ అంటారు. పేరు మారినా పని ఆ తరహాదే.

ఇలాంటి ఏర్పాటు మన ఊళ్లకు కొత్త కాదు. రాయలసీమలో చెరువు కట్టించినవాళ్లకు, దాని మరమ్మతు చూసుకునేవాళ్లకు దశబంధం మాన్యాలు ఉండేవి. నీళ్లు ఎవరి మడికి ఎప్పుడు వదలాలో నీరుగంటి చూసుకునేవాడు. ఆ బాధ్యత ఊరి చేతిలోంచి జారిపోయాక చెరువుల గతి ఏమైందో మనలో చాలామంది కళ్లారా చూసినవాళ్లమే. 1997లో ఆంధ్రప్రదేశ్‌లో నీటి సంఘాల చట్టం, 2015లో తెలంగాణలో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ వచ్చాయి. ఆ పూడిక మట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకుంటుంటే మనమంతా సంతోషించాం, సొంతూరి చెరువు పనికి ఇక్కణ్ణుంచి డబ్బు పంపినవాళ్లూ ఉన్నారు. అది మంచి పని. అయితే పూడిక తీయడం ఒక ఎత్తు, పైపొలాల నుంచి మట్టి రాకుండా చూడడం ఇంకో ఎత్తు. కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్ చేసేది ఆ రెండో పని. ఊరి చెరువు మీద మనకున్న మమకారంలో కొంతైనా మనం బతుకుతున్న ఈ నేల మీద ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

ఆ పని ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను. మా మిత్రుడొకరు షార్లెట్ అవతల ఏడెకరాలు కొన్నారు. కూరగాయలు వేసి, నాలుగు మేకలు పెంచుకుందామని. ఇక్కడి ఎర్రమట్టి చూస్తే ఎవరికైనా మన ఎర్రచెల్కలు గుర్తొస్తాయి. ఒకప్పుడు పత్తి వేసి వేసి పైమట్టి పోగొట్టుకున్న నేల అది. డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒక టెక్నీషియన్ వచ్చారు. ఫీజు లేదు. ముందు పొలమంతా నడిచారు, నీళ్లు ఎటు పారుతున్నాయో గడ్డి వాలిన తీరు చూసి చెప్పారు. తర్వాత పారతో రెండు మట్టి పెళ్లలు తీశారు. ఒకటి అంతకుముందు ఏడాది రోటోటిల్లర్‌తో పిండి చేసిన చోటిది, ఇంకోటి కంచె పక్కన గడ్డి వేళ్లతో ఉన్నది. రెండు గాజు జాడీల్లో నీళ్లు పోసి, మూతి దగ్గర తీగ జల్లెడ పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో పెళ్ల మునిగేలా ఉంచారు. దున్నిన మట్టి నిమిషం తిరక్కుండానే విడిపోయి నీళ్లన్నీ కుంకుమ రంగుకు తిరిగాయి. గడ్డివేళ్ల పెళ్ల అలాగే నిలబడింది, అడుగున నీళ్లు తేటగానే ఉన్నాయి. మీ పొలం మీద పడే వాన చేసేది కూడా ఇదేనండీ అన్నట్టు ఆయన మా వైపు చూశారు. పెద్దగా వివరించాల్సిన అవసరం రాలేదు.

ఆయన సూచించినవి మనకు తెలియనివేం కావు. పంట లేని కాలంలో నేలను ఖాళీగా వదలకుండా రై, క్రిమ్సన్ క్లోవర్ లాంటివి చల్లాలి. వేసవిలో అయితే జనుము. అవును, మన జనుమే, ఇక్కడ సన్ హెంప్ పేరుతో విత్తనాలు అమ్ముతారు. మన దగ్గర జనుము, జీలుగ వేసి కలియదున్నే పచ్చిరొట్టకూ దీనికీ చుట్టరికం ఉంది, కాకపోతే ఇక్కడ దున్నకుండా పైనే పడుకోబెట్టడానికి ఇష్టపడతారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచుతున్నది కూడా ఇందుకే. ఇక మేకల సంగతి. వాటిని నేరుగా వాగులోకి దిగనిస్తే ఒడ్డు విరిగిపోతుంది, పెంట నీళ్లలో కలుస్తుంది. వాగు వెంబడి కంచె వేసి, పైన తొట్టి పెట్టి నీళ్లివ్వాలి.

దీనికి డబ్బు సాయం ఉంది. మన రాష్ట్రంలో అగ్రికల్చర్ కాస్ట్ షేర్ కార్యక్రమం 1984 నుంచి నడుస్తోంది. అర్హమైన పనికి సగటు ఖర్చులో మామూలుగా 75 శాతం దాకా ఇస్తారు. కొత్తగా వ్యవసాయంలోకి వచ్చినవాళ్లకు 90 శాతం దాకా కూడా ఉంటుంది. దరఖాస్తు నెలవారీ మీటింగులో బోర్డు ముందుకొస్తుంది. ఆమోదం వచ్చి కాంట్రాక్టు అయ్యాకే పని మొదలుపెట్టాలి. పని పూర్తయ్యాక టెక్నీషియన్ వచ్చి కొలిచి, సరిగ్గా ఉందని రాస్తేనే డబ్బు వస్తుంది. ఆ తర్వాత దాన్ని ఏళ్ల తరబడి కాపాడుకోవాల్సిన బాధ్యత మనదే. మనవాళ్లు పొలం కొన్న హుషారులో ముందు డోజర్ తెప్పించి చెట్లు కొట్టించి, నేల చదును చేయించి, ఆ తర్వాత ఏమైనా గ్రాంట్ వస్తుందా అని వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతుంటారు. అప్పటికి ఆలస్యమైపోతుంది. డబ్బు సంగతి అటుంచితే, పైమట్టి పోతే మళ్లీ రాదు. రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే డిస్ట్రిక్ట్ ఆఫీసుకు వెళ్లండి, ట్రాక్టర్ షోరూమ్‌కు తర్వాత వెళ్లొచ్చు. మట్టి పరీక్ష కూడా రాష్ట్ర ల్యాబ్‌లో ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఉచితమే.

పొలం లేనివాళ్లకు సంబంధం లేదా అంటే, ఉంది. మోరిస్‌విల్‌లో లేక్ క్రాబ్‌ట్రీ చుట్టూ ప్రతి వారాంతం మనవాళ్లు ఎంతమంది నడుస్తుంటారో చూస్తూనే ఉంటాం. ఆ చెరువు కట్టింది షికారు కోసం కాదు, కింద రాలీ వైపు వెళ్లే క్రాబ్‌ట్రీ క్రీక్ వరదను ఆపడానికి. చిన్న వాటర్‌షెడ్‌ల కోసం 1954లో వచ్చిన చట్టం కింద ఇలాంటి కట్టడాలు దేశంలో వేలల్లో వచ్చాయి, చాలాచోట్ల పూచీ పడ్డది ఈ డిస్ట్రిక్టులే. పెరట్లో వాననీరు ఇంకేలా రెయిన్ గార్డెన్ వేసుకోవడానికి, వాననీటి ట్యాంకు పెట్టుకోవడానికి కూడా మన రాష్ట్రంలో సాయం ఉంది, వర్జీనియాలోనూ ఉంది. న్యూజెర్సీలో అయితే చాలా కట్టడాలకు మట్టి కొట్టుకుపోకుండా ఏం చేస్తారో డిస్ట్రిక్ట్‌కు ప్లాన్ చూపించి ఆమోదం తీసుకోవాల్సిందే.

షార్లెట్ పక్కన వ్యాక్సా, వెడ్డింగ్టన్ వైపు ఇళ్లు కొన్నవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. ఆ ఊళ్లున్న యూనియన్ కౌంటీ కోళ్ల పెంపకానికి పేరున్న చోటు. ఏడాదిలో కొన్ని రోజులు ఆ కోళ్ల ఎరువు పొలాల్లో చల్లుతారు, వాసన వస్తుంది. అది చూసి ఫిర్యాదు చేయడానికి ముందు, ఆ రోడ్డు మీద వాలంటరీ అగ్రికల్చరల్ డిస్ట్రిక్ట్ అని బోర్డు ఉందేమో చూడండి. ఇక్కడ సేద్యం జరుగుతోంది, జరుగుతూనే ఉంటుంది అని రైతు ముందే చెప్పుకున్న మాట అది. చాలా కౌంటీల్లో ఆ పని చూసేది కూడా కన్జర్వేషన్ ఆఫీసే. మన ఊళ్లో గేదెల కొట్టం వాసనకు ఎవరూ పోలీసుల్ని పిలవలేదు కదా.

2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను పడమటి కొండల్ని కూల్చేసినప్పుడు మన సంఘాలు దుప్పట్లు, నీళ్ల సీసాలు లారీలకెత్తి పంపాయి. టీవీలు వెళ్లిపోయాక కూడా వాగుల్లో అడ్డం పడ్డ చెట్లు, ఇళ్ల శిథిలాలు అలాగే ఉన్నాయి. అవి తీయకపోతే తర్వాతి వానకు నీళ్లు మళ్లీ ఊళ్లమీదికే వస్తాయి. ఆ పని కాంట్రాక్టర్లకిచ్చి, వాగు వాగునా తిరిగి చేయించినవాటిలో అక్కడి డిస్ట్రిక్టులు ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులున్న ఆఫీసు ఎంత బరువు మోయగలదో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఈ వ్యవస్థ మీద విమర్శ లేకపోలేదు. అంతా స్వచ్ఛందం, వద్దన్న రైతును ఎవరూ బలవంతం చేయలేరు, అందుకే నదులు ఇంకా బాగుపడలేదని పర్యావరణవాదులు అంటారు. అందులో నిజం ఉంది. 1995లో మన రాష్ట్రంలోని న్యూస్ (Neuse) నదిలో చేపలు కుప్పలు కుప్పలుగా చచ్చాక, నదిలో చేరే నైట్రోజన్ 30 శాతం తగ్గించాలని రాష్ట్రం నియమం పెట్టాల్సి వచ్చింది. కొన్నిచోట్ల నియమం కావాలి, ఒప్పుకుంటాను. కానీ నియమం వచ్చాక కూడా రైతు దగ్గరికి వెళ్లి, లెక్క కట్టి, ఏ పొలంలో ఏం చేస్తే తగ్గుతుందో కూర్చుని మాట్లాడింది ఈ స్థానిక మనుషులే. చట్టం చేత నేలను కాపాడించాలన్నా నేల తెలిసిన మనిషి ఒకరు ఊళ్లో ఉండాలి. అలాంటివాళ్ల జీతాలకు కౌంటీలు, రాష్ట్రాలు ఇచ్చేది చాలా తక్కువ. బడ్జెట్ చర్చల్లో వీళ్ల తరఫున మాట్లాడేవాళ్లు అంతకంటే తక్కువ.

డిస్ట్రిక్ట్ బోర్డులకూ ఒక మాట చెప్పాలి. మీ కౌంటీల్లో ఇళ్లు కొంటున్న భారతీయుల్ని మీరు ఇంతవరకు పలకరించలేదు. మాలో చాలామంది తాతలు, తండ్రులు సేద్యం చేసినవాళ్లే. మీ మొక్కల అమ్మకం, మీ పిల్లల పోస్టర్ పోటీ సంగతి మా దాకా రావడం లేదు. ఉగాది వేడుకల్లో ఒక బల్ల వేసుకుని కూర్చోండి, ఆ రెండు గాజు జాడీలు తెచ్చుకోండి.

మన సంఘం కార్యవర్గాన్ని నేను కోరేది కూడా అదే. బోర్డు వాళ్లను పిలవండి. ఎన్నికల ముందు అభ్యర్థులను పిలిచి, ఏం చేస్తారో అడిగే వేదిక పెట్టండి. ఒక్కో బోర్డులో ఐదుగురు ఉంటారు, ముగ్గురిని మనం ఎన్నుకుంటాం, ఇద్దరిని రాష్ట్ర కమిషన్ నియమిస్తుంది. నిలబడాలంటే పొలం ఉండక్కర్లేదు, ఆ కౌంటీలో నమోదైన ఓటరైతే చాలు. ఫైలింగ్ ఫీజు 5 డాలర్లు, సరి సంవత్సరాల్లో జూన్, జూలై నెలల్లో నామినేషన్ వేయాలి. టెక్సాస్‌లో అలా కుదరదు, అక్కడ డైరెక్టర్ కావాలంటే సాగుభూమి సొంతంగా ఉండాలి. ఫ్రిస్కో, ప్రాస్పర్ చుట్టుపక్కల ఆ నల్లరేగడిలో పొలాలు కొన్న మిత్రులకు ఆ అర్హత ఉండొచ్చు, ఒకసారి కనుక్కోండి. నిలబడే ఓపిక లేనివాళ్లు ముందు ఒక నెలవారీ మీటింగుకు వెళ్లి వెనక కూర్చోండి. అవి అందరికీ తెరిచి ఉండే మీటింగులే, తేదీలు కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేస్తే చెబుతారు.