యాక్సిడెంట్ అయితే నాకు ఫోన్ చేయకండి

చిత్తూరులో నాది గ్యాస్ కటింగ్, వెల్డింగ్ షెడ్డు. హైవేలో బండ్లు గుద్దుకొని లోపల మనిషి ఇరుక్కుంటే చాలు, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు: "అన్నా, సిలిండర్ వేసుకొని రా." దయచేసి ఆ పని మానండి. కోపంగానే రాస్తున్నా.

ఒక రాత్రి మొగిలి ఘాట్‌లో టమాటా లోడు లారీ ముందున్న ట్రైలర్‌ను గుద్దింది. డ్రైవర్ కాళ్లు రెండూ డ్యాష్‌బోర్డు కింద. స్పృహలోనే ఉన్నాడు, తమిళంలో నీళ్లడుగుతున్నాడు. నేను ఆటో దిగేసరికి రోడ్డంతా డీజిల్. "కొయ్యన్నా, కొయ్యి" అని అరుపులు. నా కట్టర్ మంట సుమారు 2,800 డిగ్రీలు. రవ్వలు ఎటు పడతాయో నా చేతిలో ఉండదు. సీటు స్పాంజి అంటుకోవడానికి డీజిల్ కూడా అక్కర్లేదు. వెలిగించనన్నా. నన్ను తిట్టని తిట్టు లేదు.

ఈలోగా ఒకాయన గొలుసు తెచ్చాడు. స్టీరింగ్‌కు కట్టి ఇంకో లారీతో లాగుదామని. మన రోడ్ల మీద ఇదో నాటు వైద్యం. లాగితే స్టీరింగ్ రాడ్ ఎటు ఊడొస్తుందో, ఎవరి గుండెల్లో దిగుతుందో ఎవడికి తెలుసు? అడ్డం పడ్డా.

మొదట వచ్చిన ఫైరింజన్‌లో నీళ్లున్నాయి, గడ్డపారలున్నాయి. నూనె ఒత్తిడితో ఇనుమును కోసే, విడదీసే హైడ్రాలిక్ కిట్ లేదు. అది ఉన్న బండి దూరం నుంచి వచ్చేసరికి గంట దాటింది. వచ్చాక మాత్రం వాళ్ల పని చూస్తూ నిలబడిపోయా. ఎవరూ డోరు పట్టుకొని లాగలేదు. ముందు చక్రాల కింద, క్యాబిన్ కింద చెక్క దిమ్మెలు బిగించారు, బండి కదలకుండా. బ్యాటరీ నెగటివ్ వైరు మొదట పీకారు. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వ లేస్తుంది కదా. ఒకతను లోపలికి దూరి డ్రైవర్ తల కదలకుండా రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు. ఆ పని ఎవరి ఫోన్ వీడియోలోనూ పడలేదు.

తర్వాత హైడ్రాలిక్ కట్టర్, మంట లేనిది. లారీ టైరుకు మనం 110, 120 పీఎస్ఐ గాలి కొడతాం. ఈ కట్టర్ గొట్టంలో నూనె 10,000 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. డోర్ హింజులు పుటుక్కుమన్నాయి, రవ్వ లేదు. తర్వాత జాకీలాంటి ర్యామ్‌ను డోరు కింది పట్టీకీ డ్యాష్‌బోర్డుకీ మధ్య పెట్టి తోశారు. అంగుళం లేవగానే సందులో దిమ్మె, మళ్లీ అంగుళం. మనిషిని బండిలోంచి లాగలేదు, బండినే మనిషి మీది నుంచి ఒలిచారు.

కాళ్లు వదులయ్యాయి అనుకోగానే జనం "లాగెయ్యండి" అని గోల. 108 అబ్బాయి ముందే సెలైన్ ఎక్కించాడు. చాలాసేపు నలిగిన కండలోంచి పొటాషియం ఒక్కసారిగా రక్తంలో కలిస్తే గుండె ఆగిపోవచ్చట. నాకు ఆ రోజు దాకా తెలియదు. డ్రైవర్ బతికాడు. ఒక కాలు మోకాలి కింద తీసేశారు. కిట్ ముందే వచ్చుంటే దక్కేదా అని డాక్టర్‌ను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

కొత్త కార్లు ఇంకో తలనొప్పి. మధ్య పిల్లర్లలో బోరాన్ స్టీలనే బాగా గట్టి ఇనుము వస్తోంది, పాత కట్టర్ల నోళ్లు దాన్ని కొరకలేవు. కిటికీల పక్కన తెరలా విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే రూఫ్ అంచులోనో పిల్లర్లోనో దాన్ని ఉబ్బించే గ్యాస్ గొట్టం దాగి ఉంటుంది. ప్లాస్టిక్ కవర్ ఊడదీసి చూడకుండా కోస్తే బాంబే. ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు కేబుల్ కనబడితే ముట్టుకోకూడదు. ఇవి వెల్డర్‌కు తెలుస్తాయా?

2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో పెళ్లివాళ్ల బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో ఇదే మొగిలిలో ఆర్టీసీ బస్సు, లారీ. ప్రతిసారీ సంతాపాలు, ఎక్స్‌గ్రేషియా. నేనడిగేది చిన్నదే: హైడ్రాలిక్ కట్టర్, ఇనుమును విడదీసే స్ప్రెడర్, ర్యామ్ ఉన్న బండి ఒకటి ఘాట్ కిందే ఉండాలి. వాడే చేతులకు స్క్రాప్ కార్ల మీద నెలనెలా ప్రాక్టీసు ఉండాలి. స్క్రాప్ కార్లు నా షెడ్డు వెనకే నాలుగున్నాయి, ఊరికే ఇస్తా.

మొన్న రాత్రి మళ్లీ ఫోన్. బంగారుపాళ్యం దగ్గర కారు, లోపల మనిషి. "101కి చేశారా?" అన్నా.

"మంటల్లేవు కదన్నా, నీళ్ల బండెందుకు?" అన్నాడు.