9 అంగుళాల లోపు కత్తికి అడ్డే లేదన్న మాట ఎంతవరకు నిజం

కత్తులు సేకరించేవాళ్ల మధ్య ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: అలుగు (పిడి కాక కోసే భాగం) 9 అంగుళాల లోపు ఉంటే మన దేశంలో ఏ కత్తినైనా లైసెన్సు లేకుండా కొనవచ్చు, జేబులో పెట్టుకుని ఎక్కడికైనా వెళ్లవచ్చు, స్పియర్ పాయింట్ (ఈటె మొన ఆకారపు) కత్తి బాకు కిందికి రాదు, ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారంటే చట్టం ఒప్పుకున్నట్టే, పోలీసులు ఆపితే ఆత్మరక్షణకని చెబితే సరిపోతుంది, సిక్కులు కిర్పాణ్ ధరించగా లేనిది మనకెందుకు అభ్యంతరం. చాకులూ బాకులూ కూడబెట్టే అలవాటు నాకూ ఉంది కనుక, ఈ సందేశాన్ని నమ్మి కొత్తవాళ్లు చిక్కుల్లో పడకూడదన్న ఉద్దేశంతో ఒక్కొక్క మాటనూ పరిశీలిస్తున్నాను.

9 అంగుళాల అంకెను ఎవరూ కల్పించలేదు. 2016 నాటి ఆయుధ నియమావళి మొదటి షెడ్యూలులో, ఐదవ వర్గం కింద, కత్తులు, బాకులు, బాయినెట్లు, ఈటెలు, గండ్రగొడ్డళ్లు, కిర్పాణ్‌లూ కుక్రీలూ సహా చాకులు, 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న అలుగు గల ఆ తరహా ఆయుధాలు అన్న వరుస ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటిని అందులోంచి మినహాయించారు. ఈ వాక్యంలోని కొలత చివరి మాటలకే వర్తిస్తుందా, మొదట పేరు పెట్టి చెప్పిన బాకుకు కూడా వర్తిస్తుందా అన్నది వాదనకు తావున్న విషయం. సందేశం రాసినవారు తమకు అనుకూలమైన అర్థాన్నే తీసుకుని, అదే చట్టమన్నట్టు రాశారు. అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి ఉంది. ఆ షెడ్యూలు ఆయుధాలను వర్గాలుగా విడదీసే జాబితా మాత్రమే. 9 అంగుళాల లోపు కత్తిని వెంట తీసుకువెళ్లడానికి అనుమతి ఇస్తున్నట్టు అందులో ఒక్క ముక్క కూడా లేదు.

అసలు సంగతి 1959 నాటి ఆయుధాల చట్టంలో ఉంది. దాని 3వ సెక్షన్ తుపాకుల వంటి మందుగుండు ఆయుధాలు దగ్గర పెట్టుకోవడానికి లైసెన్సు తప్పనిసరి చేస్తుంది. తక్కిన ఆయుధాల సంగతి 4వ సెక్షన్ చూస్తుంది: ఫలానా ప్రాంతంలో ఫలానా రకం ఆయుధాన్ని లైసెన్సు లేకుండా సంపాదించరాదని, దగ్గర పెట్టుకోరాదని, వెంట తీసుకువెళ్లరాదని గెజిట్‌లో నోటిఫికేషన్ వెలువడితే, ఆ ప్రాంతం వరకు ఆ నిబంధన అమలవుతుంది. తయారీకి, అమ్మకానికి లైసెన్సు విషయం 5వ సెక్షన్‌లో వేరే ఉంది. కనుక సందేశం చెప్పినంత స్వేచ్ఛా లేదు, దాన్ని తిట్టేవాళ్లు భయపెట్టినంత నిషేధమూ లేదు. ప్రాంతాన్ని బట్టి లెక్క మారుతుంది. ఢిల్లీనే చూడండి. 1980 అక్టోబరులో వెలువడిన నోటిఫికేషన్, స్ప్రింగుతోనో బటన్‌తోనో గరారీతోనో (పళ్ల చక్రంతో) తెరుచుకునే కత్తుల విషయంలో 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు అన్న హద్దు పెట్టింది. అంటే పొడవు సరిగ్గా 3 అంగుళాలు, 9 కాదు. ఆ నోటిఫికేషన్ అమ్మకానికో పరీక్షకో దగ్గర ఉంచుకోవడం గురించి మాట్లాడుతోందని, ఆ ఆరోపణే లేని చోట కేసు నిలవదని 2025లో సుప్రీంకోర్టు ఒక బటన్ కత్తి కేసును కొట్టేసింది. నిజమే. కానీ ఆ మాట అనిపించుకోవడానికి ఒక మనిషి తన దగ్గర దొరికిన కత్తితో మొదలుపెట్టి సుప్రీంకోర్టు మెట్ల దాకా వెళ్లవలసి వచ్చింది.

ఇక స్పియర్ పాయింట్ బాకు కాదన్న మాట. దీనిలో సగం నిజం ఉంది, ఆ సగమే ప్రమాదకరం. స్పియర్ పాయింట్ అన్నది మొన ఎక్కడుందో చెప్పే పేరు: వెన్ను, వాదర (పదును అంచు) రెండూ సమానంగా వంగి, అలుగు మధ్యరేఖ మీద కలుస్తాయి, ఈటె మొనలాగా. బాకు అన్నది రెండు వైపులా పదును ఉన్న పొడిచే ఆయుధానికి పేరు. నా బల్ల మీద ఇప్పుడు రెండున్నాయి. ఒకటి ఎర్ర పిడి స్విస్ ఆర్మీ చాకు. దాని పెద్ద అలుగు స్పియర్ పాయింటే, కానీ వెన్ను మీద బొటనవేలు నొక్కి మామిడికాయ కోయవచ్చు. రెండోదానికి నడుమ నిలువునా గట్టు ఉంది, వెన్ను కూడా మొన దగ్గర ఏటవాలుగా అరగదీసి ఉంది. ఆ ఏటవాలు మీదుగా కాగితం అంచును లాగితే మడత పడుతుందే తప్ప తెగదు. అది చూడటానికే వాదర. దాన్ని సానరాయి మీద పెట్టి పదును తెప్పించిన రోజున, పేరు స్పియర్ పాయింట్‌గానే ఉంటుంది, వస్తువు మాత్రం బాకు అవుతుంది.

చట్టం బాకుకు నిర్వచనం ఇవ్వలేదు. ఆయుధానికి ఇచ్చింది: దాడికి గాని, రక్షణకు గాని ఆయుధంగా రూపొందించినది, లేదా ఆయుధంగా మలచుకున్నది. ఇంటి పనికో వ్యవసాయానికో మాత్రమే తయారైనవి ఆయుధాలు కావు. అందుకే కత్తిపీటనూ కొబ్బరిబోండాల కత్తినీ ఎవరూ అడగరు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీరు బాకు, నూర్జహాను పళ్లకత్తి రెండూ ఉన్నాయి. రెంటినీ వేరు చేసేది ఏ పనికి చేశారన్నదే, అంగుళాలు కావు.

ఆ నిర్వచనం ముందు పెట్టుకుని ఆత్మరక్షణ సలహాను చదవండి. "రక్షణకు గాని" అని చట్టమే అంటోంది. తనిఖీలో దొరికిన కత్తిని చూపి ఆత్మరక్షణకని చెప్పినవాడు, అది పళ్లు కోసుకునే చాకు కాదని, ఆయుధమేనని తన నోటితో తానే ఒప్పుకుంటున్నాడు. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఇచ్చే ఆత్మరక్షణ హక్కు, ప్రమాదం మీదికి వచ్చినప్పుడు, అవసరమైనంత మేరకే ప్రయోగించవలసిన హక్కు. ఏడాది పొడవునా బాకు దోపుకుని తిరగడానికి ఇచ్చిన పాసు కాదు. పండుగలకూ ఊరేగింపులకూ పోలీసు కమిషనర్లు, మేజిస్ట్రేట్లు కత్తులు, బరిసెలు, కర్రలు పట్టుకు తిరగరాదని ఆంక్షలు విధించినప్పుడు ఈ వాదన అసలే పనికిరాదు.

ఆన్‌లైన్ అమ్మకం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అమ్మేవాడికి లైసెన్సు అవసరమా అన్నది అతని బాధ్యత, కొన్నాక ఎక్కడికి తీసుకువెళ్లామన్నది మనది. విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు మాత్రం ఆయుధాల చట్టం 10వ సెక్షన్ చదవాలి: ఆయుధాల దిగుమతికి లైసెన్సు కావాలని అందులో ఉంది, తుపాకులకే అని లేదు. నూరేళ్లు దాటిన కటారులు కొనేవాళ్లకు 1972 నాటి పురావస్తు చట్టం కూడా వర్తిస్తుంది; వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, మామూలు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు.

కిర్పాణ్‌తో పోలిక మరీ అన్యాయం. దాన్ని ధరించడం సిక్కు మతాచరణలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే రాశారు. ఆ హక్కుకు కూడా కొలత ఉంది: దేశీయ విమానాల్లో మొత్తం పొడవు 9 అంగుళాలు, అలుగు 6 అంగుళాలు మించరాదు. మన స్విస్ చాకును అదే విమానంలో చేతిసంచిలో పెట్టుకుంటే తనిఖీ దగ్గరే తీసుకుంటారు. నేను సాన పట్టించడానికి తీసుకువెళ్లేటప్పుడు కత్తిని ఒరలో పెట్టి, గుడ్డ చుట్టి, పెట్టెలో వేసి తాళం పెడతాను. కొన్న రసీదు అదే పెట్టెలో ఉంటుంది, పెట్టె బండి డిక్కీలో ఉంటుంది.