మూడో టేకు

మొన్న ఆదివారం మా తిరుపతి కొర్లగుంటలో ఒక కళాఖండం తయారైంది. కొండ మీద గుడి ముందర రీల్స్ తీస్తే టీటీడీ ఊరుకోదు గనక, ఆ కళంతా కిందికి దిగి మా వీధుల మీద పడింది. పాల ప్యాకెట్ కోసమని పోయిన నేను ప్రేక్షకుణ్ణయ్యాను.

నటులిద్దరూ మూడో తరగతి పిలకాయలు. బొంగరం దగ్గర మాటామాటా పెరిగి, దుమ్ములో పడి దొర్లుతున్నారు. ఒకప్పుడైతే అటుగా పోయే ఏ అవ్వో "రేయ్, చెవులు మెలిపెడతా" అని గదిమి విడదీసేది. ఇప్పుడు స్కూటర్ ఆపి ఒక పెద్దమనిషి దిగాడు. మీకు తెలిసినాయనే, ప్రతి వీధిలో ఒకడుంటాడు. ఫోను నిలువుగా పట్టాలా, అడ్డంగా పట్టాలా అన్న టెన్షన్‌లో పాపం, విడదీసే సంగతి మరిచిపోయాడు.

అంతలో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఆపేశారు. ఒకడు ముక్కు తుడుచుకుంటూ రెండోవాడి బొంగరానికి తాడు చుడుతున్నాడు. దర్శకుడి ప్రాణం ఉసూరుమంది.

"ఏంరా, అప్పుడే అయిపోయిందా? నేనింకా ఆన్ చెయ్యలేదే! నువ్వు మెడ పట్టుకో. నువ్వు కింద పడు. ఎండకు ఎదురుగా కాదు, మొహం నల్లగా వస్తాది."

రెండో టేకులో ఇద్దరికీ నవ్వాగలేదు. మూడో టేకుకు చాక్లెట్ ప్రకటించారు. చిల్లరకొట్టు ఆయన బయటికొచ్చి "చొక్కాలు ఇప్పిస్తే కుస్తీ మాదిరి ఉంటాది సామీ" అని సాంకేతిక సలహా ఇచ్చాడు. ఇప్పించారు. ఈసారి దెబ్బ నిజంగానే తగిలింది, పెదవి చిట్లింది. దర్శకుడి మొహం మతాబాలా వెలిగింది.

"ఎవరి పిల్లలండీ?" అన్నాను.

"ఒకడు మావాడే సార్" అన్నాడు, గర్వంగా.

పుంజుల్ని ఉసిగొల్పి కొట్లాడిస్తే 1960 నాటి చట్టం ప్రకారం నేరం. సంక్రాంతికి ఆ చట్టం ఎక్కడ పడుకుంటుందో అడక్కండి. పిల్లలకూ 2015 బాల న్యాయ చట్టం ఉంది. చూసుకోవాల్సినవాడే పిల్లవాణ్ణి హింస పెడితే 75వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు. మా దర్శకుడు మాత్రం "సరదాకే సార్" అంటాడు.

ఎవరి సరదా? 2019లో యూట్యూబ్ చిన్నపిల్లలున్న వీడియోల్లో చాలావాటికి కామెంట్లు మూసేసింది. పిల్లలు ఆడుకుంటుంటే ఒళ్ళు కనబడిన చోటును నిమిషాలూ సెకన్లతో సహా రాసిపెట్టే వెధవలు అక్కడ చేరారు కాబట్టి! ఆ వెధవలు ఎక్కడికీ పోలేదయ్యా. నువ్వు చొక్కా ఇప్పించింది వాళ్ళకే. నీ కొడుకు నెత్తురు చూపించి లైకులు అడుక్కుంటావా? రేపు వాడు పదో తరగతికి వచ్చాక, క్లాసులో ఎవడో ఆ వీడియో తీసి వాడి మొహం మీద పెడితే చెప్పుకో, చాక్లెట్ ఇచ్చానని.

సాయంత్రానికి అది మా వీధి వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. కింద వరసగా నవ్వుల బొమ్మలు. వెనకాల ఓ మూల, పాల ప్యాకెట్ పట్టుకుని మూడు టేకులూ నిలబడి చూసిన మనిషి కూడా అందులో స్పష్టంగానే కనబడుతున్నాడు.