సానే గురూజీ పుస్తకం పిల్లల్ని పిరికివాళ్లను చేస్తుందా?

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ వైపు మన తెలుగు ఇండ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మరాఠీ బడుల్లో చదివే మన పిల్లల చేత మరాఠీ రచయిత సానే గురూజీ తన చిన్ననాటి గురించి, తల్లి గురించి కథలుగా రాసిన ‘శ్యామ్‌చీ ఆయీ’ (శ్యామ్ వాళ్లమ్మ) చదివించొద్దట. అందులో ఏడుపు తప్ప ఏమీ లేదట, పిల్లలు పిరికివాళ్లవుతారట. రాసినాయన పంతులు ఉద్యోగం చేతగాక వదిలేసి, జైల్లో పనిలేక కథలు రాసుకున్నాడట. చివరికి ప్రాణం తీసుకున్నాడట. పైగా మరాఠీవాళ్ల రచయిత మనకెందుకట. పంపినవాళ్లలో చదువుకున్న తల్లిదండ్రులే ఎక్కువ. అందుకే జవాబు చెప్పాలనిపించింది.

ముందు పిరికితనం మాట. ఆ పుస్తకంలో శ్యామ్‌కు ఈత అంటే భయం. వెళ్లమంటే ఇంట్లోనే దాక్కుంటాడు. అమ్మ వెతికి పట్టుకుని, బరిగెతో నాలుగు తగిలించి మరీ బావి దగ్గరికి పంపిస్తుంది. తన కొడుకును రేపు ఎవరూ పిరికివాడని అనకూడదని ఆమె పట్టుదల. వాడు ఈదివచ్చి అన్నం తిన్నాక, మెల్లగా పిలిచి పెరుగు గిన్నె చేతికిస్తుంది. ఇది చదివిన పిల్లవాడు పిరికివాడు ఎట్లా అవుతాడు? ఇంకోచోట, ఊరు అంటరానిదని దూరం పెట్టిన ఒక ముసలమ్మ కట్టెల మోపు ఎత్తుకోలేక అవస్థపడుతుంటే, పోయి సాయం పట్టమని కొడుకుతో చెబుతుంది ఆ బ్రాహ్మణ ఇల్లాలు. నలుగురూ ఏమంటారోనన్న భయాన్ని పక్కన పెట్టమని తల్లే నేర్పుతోంది. కన్నీళ్లు లేవని నేను అనను. అప్పులవాళ్లు గుమ్మంలోకి వచ్చే ఇంట్లో, తల్లి మంచం పట్టిన ఇంట్లో కన్నీళ్లు ఉండవా? మన ఇండ్లల్లో లేవా?

ఇక ఆ కట్టెల మోపు సంగతి పుస్తకంలోనే ఆగిపోలేదు. పండరిపురం విఠలుడి గుడి తలుపులు దళితులకు తెరవాలని 1946లో సానే గురూజీ మహారాష్ట్రమంతా తిరిగాడు. 1947 మేలో పండరిపురంలోనే నిరాహారదీక్షకు కూర్చున్నాడు. గుడి తెరుస్తామని మాట ఇచ్చేదాకా లేవలేదు.

ఉద్యోగం చేతగాలేదన్నది శుద్ధ అబద్ధం. 1899లో కొంకణంలోని పాల్‌గడ్‌లో పుట్టి, ఎం.ఏ. చదివి, 1924 నుంచి ఆరేళ్లు అమళ్‌నేర్‌లో ప్రతాప్ హైస్కూల్ టీచర్‌గా పనిచేశాడు. హాస్టల్ బాధ్యత కూడా ఆయనదే. హాస్టల్ పిల్లల కోసం రోజూ చేత్తో రాసి ఒక పత్రిక పెట్టేవాడు. ‘విద్యార్థి’ అనే మాసపత్రిక కూడా నడిపాడు. 1930లో రాజీనామా చేసింది ఉప్పు సత్యాగ్రహంలోకి దిగడానికి. నెల జీతం వదిలి జైలుకు పోవడాన్ని చేతగానితనం అనడానికి నోరెట్లా వచ్చిందో!

జైల్లో పనిలేక రాశాడట. ఆ పుస్తకంలో ఎక్కువ భాగం నాసిక్ జైల్లో 1933 ఫిబ్రవరిలో అయిదు రోజుల్లో రాశాడు. పగలు జైలు పని, రాత్రుళ్లు రాత. అంతకుముందు ఏడాది ధూలే జైల్లో వినోబా భావే ఖైదీలకు వారం వారం గీత మీద మాట్లాడితే, ఆ మాటలు కాగితం మీద పెట్టింది ఈయనే. తెలుగుతో సహా ఎన్నో భాషల్లోకి వెళ్లిన గీతా ప్రవచనాలు అట్లా మిగిలాయి.

చావు గురించిన మాట అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. నిజమే, 1950 జూన్ 11న ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. దాచాల్సిన పని లేదు. పదిహేనేళ్ల పిల్ల అడిగితే, మనసుకు కూడా జబ్బు చేస్తుంది, అప్పుడు ఎవరితోనైనా చెప్పుకోవాలి తల్లీ, అని పక్కన కూర్చుని చెప్పాలి. దానికోసం ఆయన పుస్తకాలన్నీ అటక మీద పడేయడం అన్యాయం.

చివరగా, మరాఠీవాళ్ల రచయిత మనకెందుకని. మన పిల్లలకు బాసరలో అక్షరాభ్యాసం చేయిస్తాం, మరునాడు మరాఠీ బడికి పంపిస్తాం. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, హిందీ. ఇట్లాంటి పిల్లల్ని అర్థం చేసుకునే రచయిత ఎవరంటే నేను ముందు ఈయన పేరే చెబుతాను. తిరుచ్చి జైల్లో ఉన్నప్పుడు తమిళం నేర్చుకోవడం మొదలుపెట్టాడు, తమిళుల పాత నీతి గ్రంథం తిరుక్కురళ్‌ను మరాఠీలోకి తెచ్చాడు. ఒక రాష్ట్రం పిల్లలు ఇంకో రాష్ట్రం భాష నేర్చుకోవాలని, అందుకు ‘ఆంతర్ భారతి’ అనే సంస్థ ఉండాలని కలగన్నాడు. మన ఇంటి పిల్ల మధ్యాహ్నం ఆ పుస్తకంలో శ్యామ్ రాత్రికొకటి చొప్పున చెప్పే కథల్లో ఒకటి మరాఠీలో చదివి, సాయంత్రం వంటింట్లో వాళ్లమ్మకు తెలుగులో చెబుతోందంటే, ఆయన అడిగిన పనే చేస్తోంది. ఆ పిల్ల చేతిలోంచి పుస్తకం లాగేయమని చెప్పే మెసేజ్‌ను నేను ఎవరికీ పంపను, మీరూ పంపకండి.