పోయిన వారం నీళ్ళు

గోదావరి జిల్లాలో ఇల్లుందంటే సెలవుల్లో జీతం లేని గైడు ఉద్యోగం ఉన్నట్టే. మాది నరసాపురం. డిసెంబరు రాగానే హైదరాబాదు నుంచి ఫోన్లు మొదలవుతాయి. అంతర్వేది చూడాలి, దిండిలో హౌస్‌బోటు ఎక్కాలి, ఆత్రేయపురం పూతరేకులు తినాలి, పులస పులుసు రుచి చూడాలి. మొదటి మూడింటికీ సరేనంటాం. పులస దగ్గరకొచ్చేసరికి గొంతు సవరించుకోవాలి. అది వరదనీళ్ళు ఎర్రగా దిగే రోజుల్లో, జూలై నుంచి సెప్టెంబరు దాకా, సముద్రంలోంచి గోదావరికి ఎదురెక్కే చేప. క్రిస్మస్ సెలవులకు దొరకదు. ఈ మాట చెప్తే మా బావగారు "ఫ్రిజ్‌లో దాచినదైనా ఉండదా?" అన్నారు. ఇంటి అల్లుడు కదా, ఏమీ అనలేకపోయాం.

ఈసారి ప్లానింగంతా మా బాబాయ్ చేతుల్లో పెట్టుకున్నాడు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. గళ్ళు గీసి, గళ్ళలో టైములు వేస్తేగానీ ఆయనకు ఏ పనీ పనిలా అనిపించదు. అంతర్వేది ప్రయాణానికి రెండు పేజీల షీటు తయారుచేసి, మనిషికో కాపీ తీయించాడు. నిద్ర లేచుట, స్నానములు, టిఫిను, బండి ఎక్కుట. "నవ్వుతూ గ్రూప్ ఫోటో - 10 నిమిషాలు" అని కూడా ఒక గడి ఉంది. ఆ షీటు చూసి మా పిన్ని "మీ అమ్మగారు మోకాళ్ళు పట్టుకుని బండి దిగడానికే పది నిమిషాలు పడుతుంది, ఆ గడి ఏదండీ?" అంది. బాబాయ్ పెన్ను తీసి గడి కలిపాడు.

ఎగతాళి సంగతి అలా ఉంచితే, షీటులో మంచి విషయాలు లేకపోలేదు. ఎంతమంది ఉన్నా ఒకటే బండి అన్నాడు. రెండు కార్లలో వెళ్తే పులిహోర ఒక కారులో, ఆకలి ఇంకో కారులో ఉంటాయి. పొద్దున్నే గుళ్ళో ఉండాలన్నాడు. అదీ నిజమే. మన గుళ్ళకు మధ్యాహ్నం తలుపులు వేస్తారన్న సంగతి సిటీ చుట్టాలకు గుర్తుండదు. తీరిగ్గా ఇడ్లీలు తిని, దారిలో కొబ్బరిచెట్టు కనిపించినచోటల్లా సెల్ఫీలు తీసుకుని, మూసిన తలుపులకు దండం పెట్టుకుని వచ్చేస్తారు.

గొడవంతా దారి దగ్గరే వచ్చింది. నరసాపురం ఇవతలి ఒడ్డు, సఖినేటిపల్లి అవతలి ఒడ్డు, మధ్యలో వశిష్ఠ గోదావరి. బండితో అంతర్వేది వెళ్ళాలంటే రెండే దారులు. పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన ఎక్కి, దిండి, రాజోలు చుట్టి రావడం ఒకటి. రేవులో పంటు మీద, అంటే బండ్లనూ మనుషులనూ దాటించే పెద్ద పడవ మీద, బండిని ఎక్కించి దాటడం రెండోది. బావగారి ఫోనులో మ్యాపు మాత్రం నదికి అడ్డంగా నిటారుగా గీత గీసేసింది. "ఇక్కడేదో బ్రిడ్జి ఉందే" అన్నారాయన. "అది బ్రిడ్జి కాదు బావగారూ, పంటు" అంటే, "రోడ్డులాగే చూపిస్తోంది మరి" అని ఫోను నా మొహం మీద పెట్టారు.

బాబాయ్ పంటుకే ఓటేశాడు. వంతెన చుట్టూ తిరిగితే షీటులో ఏడు గళ్ళు చెడిపోతాయట. పైగా జాగ్రత్త గల మనిషి కాబట్టి, ప్రయాణానికి సరిగ్గా వారం ముందు, ఆదివారం, రేవులో పనిచేసే కళాసీకి ఫోన్ చేశాడు. నాన్నమ్మ పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటూ వింటోంది.

"మధ్యాహ్నం మూడున్నరకి నీళ్ళు ఎలా ఉంటాయోయ్?"

"నిండుగా ఉంటాయండి. ఆయ్!"

అంతే, ఆ గడికి ఆకుపచ్చ రంగు వేశాడు.

పొద్దున వెళ్ళడం హాయిగా జరిగింది. పంటు చకచకా దాటించింది. నరసింహస్వామి దర్శనం అయింది, గోదావరి సముద్రంలో కలిసేచోట అన్నాచెల్లెళ్ళ గట్టు చూశాం, పిల్లలు చెప్పులు పోగొట్టుకున్నారు. మూడున్నరకు నాలుగు నిమిషాలు ముందే సఖినేటిపల్లి రేవులో ఉన్నాం. బాబాయ్ మా అందరివంకా ఒక్కొక్కరిగా చూశాడు. మెచ్చుకోమని అర్థం. మెచ్చుకున్నాం.

పంటు మీద మా బండి ఎక్కింది. దాని వెనకడోరుకు జానెడు దూరంలో కొబ్బరికాయల ట్రాక్టరు వచ్చి ఆగింది. పక్కన బైకులు, ఒక పెళ్ళివారి కారు, ఖాళీ చేపల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు. పంటు బయల్దేరి సగం దూరం వచ్చిందో లేదో, అడుగున బరబరమని చప్పుడైంది. ఇంజను ఒకసారి గట్టిగా మూలిగింది. వెనక నీళ్ళు బురదగా పైకి లేచాయి. నరసాపురం ఒడ్డు మాత్రం ఉన్నచోటే ఉంది. పంటు నడిపే సరంగు ముందుకీ వెనక్కీ కాసేపు ప్రయత్నించి, ఇంజను ఆపి, బీడీ ముట్టించాడు. అది చూడగానే రోజూ దాటే వాళ్ళంతా కింద కూర్చున్నారు. నిలబడి ఉన్నది మేమే.

"ఇసకమేట ఎక్కిందండి" అన్నాడు కళాసీ.

బాబాయ్ షీటు తీసి చూపించాడు. "నిండుగా ఉంటాయని చెప్పింది నువ్వే కదయ్యా?"

"నేనేనండి. మీరు పోయిన ఆదివారం అడిగారండి. నేను పోయిన ఆదివారం నీళ్ళు చెప్పానండి."

తరవాత వాడు చాలా ఓపికగా చెప్పాడు. ఇక్కడ గోదావరి సముద్రం మాట వింటుంది. రోజుకు రెండుసార్లు నీళ్ళు పెరిగే పోట్లు, రెండుసార్లు తగ్గే ఆట్లు. కానీ అవి గడియారం ప్రకారం రావు, చంద్రుడి ప్రకారం వస్తాయి. ఇవాళ వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అలా వారం గడిస్తే ఆరు గంటలు జరిగిపోయి, పోటు ఉన్న టైముకు ఆటు వచ్చి కూర్చుంటుంది. పోయిన ఆదివారం అష్టమి. ఇవాళ పున్నమి. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎంత ఎత్తుకు లేస్తుందో, ఆటుకు నీళ్ళు అంత కిందికి లాగేస్తాయి.

"ఏ రోజు దాటుతారో ఆ రోజు నీళ్ళు అడగాలండి. వెళ్ళేటప్పటివే కాదు, తిరిగొచ్చేటప్పటివి కూడా" అన్నాడు కళాసీ.

"పున్నమినాడు మూడింటికి రేవులో నీళ్ళేం ఉంటాయి, నా మొహం" అంది నాన్నమ్మ బండిలోంచి.

"తెలిస్తే మొన్న ఫోన్ చేసినప్పుడే చెప్పొచ్చు కదమ్మా!"

"నా పేరు మీద ఆ గడి లేదుగా నాయనా."

ఒక అరగంట సరదాగానే గడిచింది. ఆ తరవాత ఆకళ్ళు మొదలయ్యాయి. పులిహోర, గారెలు, మజ్జిగ బాటిళ్ళు అన్నీ బండి వెనక డిక్కీలో ఉన్నాయి. డిక్కీ తలుపు తెరుద్దామంటే ట్రాక్టరు అడ్డం. ట్రాక్టరు వెనక్కి జరగాలంటే గోదాట్లోకి జరగాలి. మా తమ్ముడు సీట్ల మీదుగా పాక్కుంటూ వెళ్ళి, చెయ్యి వెనక్కి పెట్టి తడిమి, విజయవంతంగా ఒక వస్తువు బయటికి లాగాడు. అది స్టెప్నీ జాకీ. రెండోసారి అప్పడాల కర్ర వచ్చింది. పిక్నిక్కుకు అప్పడాల కర్ర ఎందుకు తెచ్చారో పిన్ని ఇప్పటికీ చెప్పలేదు. ఎవరైనా సరే, తినేవీ తాగేవీ కాళ్ళ దగ్గర పెట్టుకోవాలి. డిక్కీలో పెట్టాల్సినవి చాపలు.

చేతికందేచోట ఉన్నవి పూతరేకులు మాత్రమే. అవి నలిగిపోతాయని బావగారు పొద్దుటి నుంచీ ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన పైఆఫీసరుకు ఇవ్వడానికని ముందురోజు ఆత్రేయపురంలో ప్రత్యేకంగా చుట్టించినవి. చిన్నపిల్ల ఏడుపు అందుకుంది. బావగారు డబ్బా వంక చూశారు, పిల్ల వంక చూశారు, మా అక్క వంక చూడకుండా ఉండటానికి ప్రయత్నించారు. అయ్యేది కాదు.

నది మధ్యలో గాలికి పూతరేకు తినడం ఒక విద్య. రేకు మన నోట్లో ఉంటుంది, లోపలి పంచదార పొడి పక్కవాడి మీసాల్లో ఉంటుంది. పెళ్ళివారి పెద్దాయన నల్లకోటు కాసేపట్లో తెల్లగా మెరిసింది. ఆయన కోప్పడతాడేమో అనుకున్నాం. "నెయ్యి బాగా వేశారే, ఎక్కడివండీ?" అని చెయ్యి చాపాడు. మొగమాటానికి ఆయనకొకటి, చేపల బుట్టల వాళ్ళకు చెరొకటి, కళాసీకి రెండు. సరంగుకు ఇవ్వకపోతే ఇంజను స్టార్టు చేయడేమోనని ఆయనకు మూడు. పెళ్ళివారు బదులుగా పసుపుబట్ట కట్టిన లడ్డూల డబ్బా విప్పారు. ట్రాక్టరు డ్రైవరు బొండాలేమైనా కొడతాడేమోనని అడిగితే, "ఇవి ముదురు కాయలండి" అని బాధపడ్డాడు.

అసలు టెన్షన్ వేరే ఉంది. అది ఎవరూ పైకి అనలేదు గానీ అందరి మొహాల్లోనూ కనిపించింది. రేవులోకి వచ్చేముందు "ఒకసారి వెళ్ళొస్తారా?" అని పిన్ని అడిగితే, ఆ గడికి టైం లేదని అందరినీ బండెక్కించింది బాబాయే. ఇప్పుడు అందరికన్నా ముందు ఒడ్డు ఎంత దూరమని అడుగుతున్నదీ ఆయనే.

చీకటి పడ్డాక పంటు నెమ్మదిగా ఊగింది. సరంగు రెండో కట్ట బీడీలు జేబులో పెట్టుకుని లేచాడు. నరసాపురం రేవులో బండికన్నా ముందు దిగిన మనిషి మా బాబాయ్. అంత వేగంగా ఆయన నడవగలడని మాకెవరికీ తెలియదు.

ఇంటికొచ్చి స్నానాలు చేసేలోపు బావగారు ఫోటోలన్నీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశారు. నీళ్ళ మీద సూర్యాస్తమయం, వరసగా పూతరేకులు తింటున్న జనం, కోటు మీద పంచదారతో నవ్వుతున్న పెళ్ళిపెద్ద. పైన "గోదావరి మీద సన్‌సెట్ క్రూయిజ్, మధ్యలో స్టాప్" అని రాశారు. పొద్దున్నే విజయవాడ నుంచి మా పెద్దమ్మ ఫోన్. సంక్రాంతికి వాళ్ళు పధ్నాలుగు మంది వస్తున్నారట, అదే బోటు కావాలట. స్వీటు టికెట్టులోనే కలిపి ఇస్తారా, విడిగా కొనుక్కోవాలా, బాత్రూము ఉందా అని అడిగింది.

బాబాయ్ ఫోను తీసుకుని, "ఆ రోజు తిథి ఏమిటో చూసి చెప్తాను, లైన్లో ఉండు వదినా" అన్నాడు.